పదో లైటు

మా కంప్యూటరు స్పీకర్ల నాబ్‌ను తిప్పాల్సి వస్తే నేను వేళ్లకు పాతగుడ్డ చుట్టుకుంటాను. మా మామగారు ధర్మలింగంగారు అపరాల హోల్‌సేల్ కొట్టు కొడుక్కి అప్పగించి ఇంటిపట్టున కూర్చున్న ఈ మూడేళ్లలో సున్నం, కాచు, ఆయన నమిలే పొగాకు గుండి పాన్ ఎరుపు దాని మీద పొరలు కట్టి, కంపెనీవాడు పెట్టిన తెల్లచుక్కను మింగేశాయి. చుక్క లేదు కాబట్టి శబ్దం ఎంతలో ఉందో పెట్టాక గాని తెలియదు. పెట్టాక ముందు వీధికి తెలుస్తుంది.

పరాయి రాష్ట్రాల్లో పెరిగే పిల్లలకు ఆన్‌లైన్లో తెలుగు చెప్పే ఉద్యోగానికి నేను దరఖాస్తు పెట్టాను. డెమో రోజున గంటసేపు స్పీకర్లలో ప్రవచనం ఆపమని మామగారిని అడిగాను. అలాగేనన్నారు. పది నిమిషాలకు మరిచిపోయారు. "మీ ఇంట్లో ఏదైనా సభ జరుగుతోందా?" అని అడిగింది తెర మీదావిడ. శుక్రవారం పదకొండింటికి మరో అవకాశం ఇచ్చింది. మూడోసారి ఇవ్వదని ఆ గొంతులోనే ఉంది.

మా ఆయన కిరణ్ ఇంజనీరింగ్ చదివి పప్పులు తూస్తున్నారు. ఆ దుగ్ధ ఆదివారాలు తీర్చుకుంటారు. శబ్దం ఎంతుందో చూపించే పది లైట్ల బోర్డొకటి కొనుక్కొచ్చి, స్పీకరు పెట్టె నా వంటింటి గట్టు మీదే విప్పారు. లోపల బొద్దింక గుడ్ల సంచులు నాలుగు, ఎండిన బల్లితోక ఒకటి. ముందుపలకకు కాల్చిన ఇనపచువ్వతో కన్నం పెట్టారు. ఆ పూట ఉప్మా కాలిన ప్లాస్టిక్ వాసన వేసింది. ఎవరూ గమనించలేదు, రెండోసారి కూడా వడ్డించుకున్నారు.

"అయిదు పచ్చ, మూడు పసుపు, రెండు ఎరుపు. ఇదిగో, ఈ నీలం స్క్రూ తిప్పితే ఎంత శబ్దానికి ఎన్ని ఎలగాలో మారుద్ది. ఇంక నాన్న పసుపు దాటరు, సూడు," అన్నారు.

మామగారు వచ్చి కూర్చున్నారు. మాటకు తగ్గట్టు లైట్లు లేచి పడుతున్నాయి.

"పదోది ఎలగలేదేటిరా?"

"అది ఎలగకూడదు నాన్నా. ఎలిగితే మించిపోయినట్టు."

"మించడవేటి? కొలతన్నాక అంచుదాకా నిండాల. తొమ్మిదెలిగి ఒకటి ఆరితే తరుగు కాదేటి? నలభై ఏళ్లు కొట్లో కూకున్నాను. ఒకడికి తరుగు తూసినోణ్ని కాదు."

ఎర్రటి వేళ్లతో నాబ్ తిప్పారు. ప్రవచనకర్త ఊపిరి పీల్చుకునే చోట తప్ప పదో లైటు ఆరకుండా చూసుకున్నారు. అప్పటిదాకా మాకున్నది గోల. ఇప్పుడు దానికి దీపాలంకరణ కూడా అమరింది.

ఎదురింటి శాంతి కిటికీలోంచి అడిగింది. "అరుణా, ఇయ్యాల్టి పురాణం మాకు ముగిసిపోనాది. రేపటిది కూడా ఎట్టీమను, ఓ పనైపోద్ది."

"మీరే చెప్పండి," అన్నాను మా ఆయనతో.

"నాన్నకి నేనేటి సెప్పగల్ను?" అని ఆయన కొట్టుకు వెళ్లిపోయారు.

గురువారం మామగారు స్నానానికి వెళ్లగానే స్పీకరు విప్పాను. నీలం స్క్రూ తిప్పాను. ఇప్పుడు గుసగుసకే పది లైట్లూ వెలుగుతాయి. ఎలాగూ చెయ్యి పెట్టాను కదా అని నాబ్‌ను స్పిరిట్‌తో తుడిచాను. వచ్చిన మురికి రంగు చెప్పను, మీరు అన్నం తినాలి. తెల్లచుక్క బయటపడింది. గుడ్డను చెత్తలో వేసి, చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.

మామగారు వచ్చి, అలవాటు ప్రకారం పదో లైటు వచ్చేదాకా తిప్పి ఆగారు. ముందుకు వంగారు. స్పీకరుకు చెవి ఆనించారు. చాలాసేపటికి నన్ను పిలిచారు.

"లైట్లు పదీ ఎలుగుతున్నాయమ్మా. మాటే ఇనపడ్డం నేదు. నా సెవులు పోనట్టున్నాయి."

నేను కోస్తున్న వంకాయ మీదికి తల వంచాను. "ఓసారి చూపించుకోండి మావయ్యా," అన్నాను. అంత మెత్తగా అన్నందుకు నా మీద నాకే రోత పుట్టింది. అయినా స్క్రూ వెనక్కి తిప్పలేదు.

శుక్రవారం పదింటికి మా ఆయన స్కూటరు మీద ఆయన్ను చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే నానబెట్టిన మినప్పప్పులో బుడగ పగలడం వినిపించింది. పప్పుల పేర్లతోనే పాఠం చెప్పాను. తెర మీదావిడ చివర్లో ఒక్క మాటే అంది: "సోమవారం నుంచి మొదలుపెట్టండి."

లాప్‌టాప్ మూస్తుండగా మామగారు వచ్చి, నా పక్కన ఒక కాగితం పొట్లం విప్పారు. అందులో శనగగింజంత నల్లటి ముద్ద, మెరుస్తూ, ఒక వెంట్రుకతో సహా.

"గులిమి. కుడిసెవుది. డాక్టరు పారీబోతే నేనే అడిగి అట్టుకొచ్చాను, నువ్ సూస్తావని. ఎడందింకా పెద్దది, అది సితికిపోనాది."

బొటనవేలితో దాన్ని ఒకసారి దొర్లించి చూపించారు. నేను లాప్‌టాప్‌ను అవతలికి జరుపుకున్నాను.

తరువాత స్పీకరు పెట్టారు. పది లైట్లూ వెలిగాయి. నాకు వినపడింది గుసగుసే, ఆయన మాత్రం ఉలిక్కిపడ్డారు.

"ఇంత గోలేటమ్మా? ఇన్నాళ్లూ ఎలా ఓర్సుకున్నారు?"

మూడో లైటు దగ్గర ఆపారు. మిగతా ఏడూ ఆరే ఉన్నాయి. తరుగు మాట ఎత్తలేదు.

నేను లైట్లు చూడటం లేదు. ఆ ముద్దను దొర్లించిన బొటనవేలు ఇంకా నాబ్ మీదే ఉంది, సరిగ్గా తెల్లచుక్క మీద.