దేవుడి పిడికెడు

హెలెన్ కథలు రాస్తుందని బడిలో అందరికీ తెలుసు. చంద్రరావు మాస్టారు చూస్తే గాని ఆ కథలు గడప దాటవన్న సంగతి మాత్రం వాళ్లిద్దరికే తెలుసు. ఆమె తణుకు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతుంది. ఆయన అక్కడే తెలుగు పండితుడు, తనూ కథకుడే. ఒకరి కథ ఒకరు చదివి మొహమాటం లేకుండా చెప్పుకోవాలని ఏనాడో స్టాఫ్ రూములో ఒప్పందం చేసుకున్నారు. ఆమె కథల్లోని ఉపన్యాసాలు ఆయన పీకేశారు. ఆయన కథల్లోని ఏడుపులు ఆమె తగ్గించింది. అబద్ధమెందుకు, ఇద్దరూ బాగుపడ్డారు.

ఆ ఒప్పందంలో ఒక నియమముంది. "ఇది నిజంగా జరిగిందండీ" అని ఎవరూ అనకూడదు. అన్నవాళ్లు ఆ పూట స్టాఫంతటికీ టీ ఇప్పించాలి. జరిగినంత మాత్రాన కథ అయిపోతుందా అని చంద్రరావు గారి వాదన. వాదన సబబైనదే. హెలెన్ కొంప ముంచిందీ అదే.

కిందటి వేసవిలో హెలెన్ తల్లి జ్ఞానమ్మకు కడుపులో కేన్సరని తేలింది. ఇంటికి తీసుకెళ్లి తినగలిగినవి పెట్టమన్నారు డాక్టర్లు. జ్ఞానమ్మ ద్రాక్షారామం అవతల ఒక పల్లెలో ఊడ్పులకూ కోతలకూ వెళ్లి, మొగుడు లేకుండా ఒక్కగానొక్క పిల్లను బీయెడ్ దాకా లాక్కొచ్చిన మనిషి. రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి ఒక డబ్బాలో వేసేది. అది దేవుడిది. ఆదివారం చర్చికి పట్టుకెళ్లాలి. ఒక ముసురులో పనుల్లేక, ఇంట్లో గింజ లేక, పిల్ల ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నా ఆ డబ్బా మూత తియ్యలేదు. పిల్లను ఒళ్లో వేసుకుని, తనూ పస్తుండి, గొంతు బొంగురుపోయేదాకా కీర్తనలు పాడుతూ కూర్చుంది.

ఆ డబ్బాను హెలెన్ మర్చిపోలేదు. పెద్దదై ఉద్యోగం చేసుకుంటున్నా తల్లి మీద కోపం లోలోపల అలాగే ఉండిపోయింది. తల్లి మంచం పట్టాక మాత్రం ఆ కోపం కరిగిపోయింది. ఏమీ లేని మనిషికి ఇచ్చిన మాటొక్కటే ఆస్తి, దాన్ని కూడా వండుకు తినేస్తే ఇక మిగిలేదేముందని అప్పటికి తెలిసొచ్చింది. ఆ ముక్క తల్లి మొహం మీద చెప్పడం హెలెన్‌కు చేతకాదు. అందుకని కథ రాసింది. అచ్చయ్యాక చదివి వినిపిస్తే తల్లికే తెలుస్తుంది, కూతురు తనను అర్థం చేసుకుందని ఆమె తృప్తిగా పోతుంది. హెలెన్ ఆశల్లా అదే. కథకు "దేవుడి పిడికెడు" అని పేరు పెట్టింది.

చంద్రరావు గారు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"తల్లి పాత్ర అద్భుతమండి హెలెన్ గారూ. కానీ ఈ డబ్బా, చర్చి... మన పాఠకుడికి అందవండి. మతం కథేమో అనుకుని పేజీ తిప్పేస్తాడు. అదే పిడికెడూ పిచ్చుకలకి పోసిందనుకోండి, అందరికీ అందుతుంది. పేరు కూడా మాణిక్యాంబ అందామండి. పిల్ల ఆకలి మాత్రం ముట్టుకోకండి, కథకి ప్రాణం అదే."

ఆయనకు దుర్బుద్ధేమీ లేదు. ఆయన కథల్లో భీమేశ్వరుడి అభిషేకం వస్తే అది ఊరి కథ, ఆమె కథలో చర్చి వస్తే మతం కథ. ఈ తేడా ఆయనకు తోచలేదు. ఆమెకు తోచినా అనలేదు. "అది మా అమ్మేనండీ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నియమం గుర్తొచ్చి మింగేసింది. అదీగాక ఇన్నాళ్లూ ఆయన చెప్పిన ప్రతి మార్పూ మంచే చేసింది.

దేవుణ్ణి తీసి పిచ్చుకలను పెట్టింది. కథ ఒక ఆదివారం సంచికలో వచ్చింది. ఎవరెవరో ఫోన్లు చేసి కళ్లు చెమర్చాయన్నారు.

ఆ మధ్యాహ్నం హెలెన్ తల్లి మంచం పక్కన స్టూలు వేసుకుని కథంతా చదివింది. జ్ఞానమ్మ కళ్లార్పకుండా వింది.

"ఎవరే ఆవిడ?"

"కథలో మనిషమ్మా."

"పిల్ల ఆకలికి ఏడుస్తుంటే బియ్యం పిచ్చుకలకి పోసిందా? అవి ఎక్కడో అక్కడ ఏరుకు తింటాయి కదే. కన్నతల్లేనా అది?"

ఊరుకుంటే తల్లి ఏమీ తెలియకుండానే పోతుంది. ఇంకో కథ రాసేటంత వ్యవధి లేదు. హెలెన్ చెప్పేసింది.

"ఆవిడ నువ్వేనమ్మా."

నొప్పి మాత్రల మత్తులో జ్ఞానమ్మకు ఈ మధ్య నిన్నకూ మొన్నకూ తేడా తెలియడం లేదు. పత్రిక చేతిలోకి తీసుకుని అక్షరాలను వేలితో తడిమింది.

"నేనా?"

"నువ్వు పిచ్చుకలకి పొయ్యలేదమ్మా. నువ్వు డబ్బాలో వేసేదానివి, చర్చికి. కథ కోసం అలా మార్చామంతే."

"అచ్చేశారు కదే."

"మార్చి అచ్చేశారమ్మా!"

జ్ఞానమ్మ జీవితమంతా అచ్చులో చూసింది దేవుడి వాక్యాన్నే. అచ్చులో ఉన్నది అబద్ధమవుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఇప్పుడు ఎక్కేలా లేదు. పత్రిక పక్కన పెట్టి, చెయ్యి చాచి కూతురి పొట్ట మీద వేసింది.

"పిచ్చుకలకి పోశానా నేను? నీకు పెట్టకుండా? ఎంత పని చేశానే. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నావా తల్లీ? నన్ను క్షమించవే."

హెలెన్ ఏడుస్తూ మళ్లీ చెప్పింది. డబ్బా గురించి, ఆ ముసురు గురించి, ఆమె పాడిన పాటల గురించి చెప్పింది. జ్ఞానమ్మ అన్నిటికీ తలూపింది. మాత్ర వేసుకోమన్నప్పుడూ అలాగే ఊపుతుంది. ఊపి, మళ్లీ మొదటికొచ్చింది.

"క్షమించానని చెప్పవే."

చెప్పేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు, కళ్లు మూయలేదు, గుక్కెడు నీళ్లు కూడా పుచ్చుకోలేదు. చివరికి హెలెన్ ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"క్షమించానమ్మా" అంది.

జ్ఞానమ్మ నిద్రపోయింది. తాను ఎన్నడూ చెయ్యని తప్పు చేశానని నమ్ముతూనే ఆ వారంలో పోయింది.