నాన్న గీసిన పాదాలు

తొంభై రెండేళ్ల మా నాన్న డాక్టరమ్మ మొహంలోకి సూటిగా చూస్తూ, కన్నయినా ఆర్పకుండా అబద్ధం ఆడాడు.

"ఈ వాపు ఎన్నాళ్ల నుంచి తాతగారూ?"

"నిన్నట్నుంచేనమ్మా. చీమ కుట్టింది."

కుడికాలి బొటనవేలి మొదట్లో కణుపు టమాటాలా ఎర్రగా ఉబ్బి ఉంది. అంత పని చేసిన చీమ ఎంత ఉండి ఉంటుందో నాకు అర్థం కాలేదు. డాక్టరమ్మ నవ్వాపుకుంటూ రక్తపరీక్ష కాగితం మా ముందు పెట్టింది. యూరిక్ యాసిడ్ తొమ్మిదిన్నర. ఏడు దాటకుండా ఉంటే మంచిదట.

"చూశావా?" అన్నాను గట్టిగా. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, తప్పు కనబడితే ఊరుకోలేను. నాన్న ఏమీ ఎరగనట్టు గోడమీది కిడ్నీల బొమ్మకేసి చూస్తూ కూర్చున్నాడు.

నాన్న బూట్లు కుడతాడు. ఎప్పుడో మానేసినట్టు "కుట్టేవాడు" అని ఎవరైనా అంటే ఒప్పుకోడు. మేముండేది పై అంతస్తులో, కొట్టు కింద, మధ్యలో పద్నాలుగు మెట్లు. మా ఆయన పోయాక నేను ఇక్కడికి వచ్చేసి ఎనిమిదేళ్లయింది. రోజూ పొద్దున్నే ఆ మెట్లు దిగి తోలూ, తూట్లు పొడిచే ఆరె, దారం ముందేసుకుని కూర్చుంటే నాన్నకి ఇక లోకంతో పనిలేదు. మొన్న మంగళవారం మాత్రం ఏడో మెట్టు మీద, బూటు చేత్తో పట్టుకుని కూలబడి కనిపించాడు. పైకి ఎక్కలేడు, కిందికి దిగలేడు. నాకు భయమేస్తే కోపంగానే బయటికొస్తుంది. రక్తపరీక్ష బాగా రాకపోతే కొట్టు మూసేయడమేనని అక్కడే చెప్పేసి, తాళంచెవి నా చేతిసంచిలో వేసుకున్నాను. నా మాటంటే మాటే.

ఇప్పుడు తొమ్మిదిన్నర వచ్చింది కదా అని నేను సంచి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ మాత్రం నా దారికి రాలేదు. ఆవిడ తొంభై దాటినవాళ్లనే ఎక్కువగా చూస్తుందట.

"ఈ వయసులో ఇది కాస్త పెరగడం మామూలేనండీ. కిడ్నీలు మునుపటంత చురుగ్గా ఉండవు. నంబరొక్కటే చూసి నేను కంగారుపడను. ఈ వాపు కొత్తగా వచ్చిందా, ఏళ్లుగా ఉందా, అది తెలియాలి. బీపీకీ షుగరుకీ గుండెకీ కలిపి ఇప్పటికే ఏడు మాత్రలు మింగుతున్నారు. ఎనిమిదోది రాయాలా, ఉన్నవాటిలో ఒకటి మార్చాలా అన్నది దాన్నిబట్టి ఉంటుంది. పాత చీటీలు ఏమున్నా శుక్రవారం పట్టుకు రండి."

"నిన్నట్నుంచే," అన్నాడు నాన్న మళ్లీ.

నొప్పికి రెండ్రోజుల మందు ఇచ్చి పంపింది. ఇంటికి రాగానే నాన్నకి మాంసం మానిపించాను, చేపలు మానిపించాను, ఎందుకైనా మంచిదని తీపి కూడా మానిపించాను. నాన్న పళ్లెంలోకి తొంగిచూశాడు.

"పంతులమ్మా, ఇది భోజనమా, హోంవర్కా?"

"నోరు మూసుకుని తిను. నీళ్లు బాగా తాగు."

"నోరు మూసుకుని ఎలా తినాలో కూడా చెప్పు." తర్వాత మెల్లిగా అడిగాడు. "ఆ తాళంచెవి ఇవ్వవే. ఒక జత సగంలో ఉంది. పద్దెనిమిదికల్లా ఇవ్వాలి."

"ఎవరికి?"

"ఉన్నార్లే. మహా కోపిష్టి మనిషి. ఆలస్యమైతే ఊరుకోరు."

"ఎవరైనా సరే, ఆగుతారు."

నాన్న వాదించడానికి కూడా ఓపిక లేనట్టు పళ్లెం పక్కకి జరిపాడు. నాకు అదే బాగా అనిపించలేదు.

గురువారం మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తుంటే చీటీల కోసం కొట్టు తెరిచాను. బల్ల మీద ఆ సగం కుట్టిన బూటు ఉంది, అడుగు ఇంకా అతకలేదు. చూడ్డానికి సన్నగా, ఆడవాళ్ల బూటులా ఉంది గానీ బొటనవేలి దగ్గర మాత్రం గంపంత వెడల్పు. ఎవరిదో గానీ పాదం కాదు రోకలిబండ అనుకుని పక్కన పెట్టాను.

అలమర నిండా పాదాలే. నాన్న పద్ధతి అది. ఎవరొచ్చినా ఖాకీ కాగితం మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీసి, కింద తారీకు వేస్తాడు. ఏడాది దాటిన కొలతతో బూటు కుట్టడు. పాదం పెరగడం ఆగుతుంది గానీ మారడం ఆగదంటాడు. తన బూట్లకి కూడా అంతే, ప్రతి పుట్టినరోజుకీ తన పాదం తనే గీసుకుంటాడు. ఆ ఏడు ఒంటికి సంబంధించిన కాగితం ఏదున్నా ఆ పాదానికే గుండుసూదితో గుచ్చుతాడు. నేను వెతుకుతున్న మందుల చీటీలన్నీ అక్కడే ఉన్నాయి.

చీటీలు తీస్తూ తీస్తూ ఆగిపోయాను. రెండు కాగితాలు కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. ఇంకొకటి పెట్టాను. నాన్న ఎనభై ఆరో పుట్టినరోజు వరకు కుడిపాదం గీత ఎక్కడా కదల్లేదు. ఎనభై ఏడో పుట్టినరోజుకి బొటనవేలి పక్కన పెన్సిలు మందం బయటికొచ్చింది. ఆ తర్వాత ఏటా ఇంకొంచెం, ఇంకొంచెం. ఏళ్ల తరబడి పిల్లలకి గ్రాఫులు గీయడం నేర్పాను. అలాంటి గ్రాఫు మా నాన్న తన కాలితోనే గీసి పెట్టాడు. ఎనభై ఏడో పాదానికి గుచ్చిన చీటీలో బీపీకి కొత్త మాత్ర ఒకటి రాసి ఉంది.

ఐదేళ్లు. ఐదేళ్లుగా ఆ కాలితో పద్నాలుగు మెట్లు దిగి, ఎక్కి, తన బూటు తనే వెడల్పు చేసుకుంటూ, నాకు తెలియకుండా నెట్టుకొచ్చాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రెండింటితో పాటు కాగితాలూ పట్టుకుని పైకి వెళ్లాను.

"చీమ ఐదేళ్ల నుంచీ కుడుతోందా?"

నాన్న కాగితాలు చూశాడు. దొరికిపోయిన పిల్లాడిలా కాస్త నీళ్లు నమిలాడు. "చెబితే తాళం వేస్తావని చెప్పలేదు. వేశావా లేదా?"

నేను కాగితాలు తారీకుల వరసలో పేర్చడం మొదలుపెట్టాను.

శుక్రవారం పొద్దున్న నేను కాగితాలు కట్టబోతే నాన్న లాక్కున్నాడు. "నేను కడతాలే. నీకు ముడి వెయ్యడం రాదు."

డాక్టరమ్మ ఆ కట్ట విప్పి, ఎక్స్‌రేలు పెట్టి చూసే దీపపు పెట్టె వెలిగించి, పాదాలన్నీ దానిమీద పేర్చింది. ఖాకీ కాగితంలోంచి గీతలన్నీ ఒకదాని వెనక ఒకటి కనిపించాయి. నర్సుని కూడా పిలిచి చూపించింది. "రక్తపరీక్షలు ఉన్నవాళ్లు చాలామంది వస్తారు గానీ, ఇంత వరస తప్పని లెక్క నేనెప్పుడూ చూళ్లేదు," అంది. నాన్న మొహం వెలిగిపోయింది.

తర్వాత చీటీ చదివింది. "ఇది మూత్రం ఎక్కువగా పోవడానికిచ్చే మాత్ర. బీపీ తగ్గిస్తుంది గానీ కొందరిలో యూరిక్ యాసిడ్‌ని లోపలే ఉంచేస్తుంది. అది కీళ్లలో రవ్వలా పేరుకుంటుంది. ఇదొక్కటే కారణమని చెప్పలేను కానీ, ముందు దీన్ని మారుద్దాం. ఎనిమిదోది రాసే ముందు ఒకటి తీసేసి చూడ్డం మేలు. నెల తర్వాత మళ్లీ రక్తం చూద్దాం."

"మరి మెట్లు?" అన్నాను.

"వాపు తగ్గాక దిగనివ్వండి, రెయిలింగు పట్టుకుని. ఈ వయసులో కాళ్లూ చేతులూ ఆడుతూ ఉండటమే మంచిది. కొట్టు మూయించకండి."

నాన్న నావైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

"ఇదెవరిది?" డాక్టరమ్మ అడుగున ఉన్న కాగితం ఎత్తింది. చిన్న పాదం. ఎడమది. తారీకు ఈ నెలదే. బొటనవేలి పక్కన గీత బయటికి పొంగి ఉంది. నాన్న వెంటనే పైకప్పు కేసి చూడసాగాడు.

నేను తెల్లమొహం వేశాను. పద్దెనిమిదో తారీకు నా పుట్టినరోజు. ఏటా లాగే రెండు వారాల కిందట నన్ను కాగితం మీద నిలబెట్టి గీశాడు, నేనే మర్చిపోయాను. బల్ల మీది ఆ రోకలిబండ నాది. "నాదేనండీ," అన్నాను.

"మీకు పొద్దున్న లేవగానే అక్కడ నొప్పి ఉంటుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

ఉంటుంది. బడిలో నిలబడీ నిలబడీ అరిగిన కాళ్లని సరిపెట్టుకుని ఎవరికీ చెప్పలేదు. బీపీకి ఏం వాడుతున్నారని అడిగితే సంచిలోంచి మాత్రల అట్ట తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని నాన్న చీటీ పక్కన పెట్టింది. రెండూ ఒకటే మాత్ర.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాను నాన్నతో.

"రెండేళ్లు. అప్పట్నుంచీ వెడల్పు చేస్తూనే ఉన్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నాకు చెప్పావేంటి? సగం చెప్పేలోపే అరుస్తావు. డాక్టరు ముందైతే అరవ్వు కదా అని ఇవాళ కట్టలో పెట్టా."

రక్తం తీయడానికి నర్సు నా చెయ్యి చాపించి, పైన రబ్బరు పట్టీ బిగించింది. సూది చూడగానే మొహం తిప్పుకున్నాను. అరవై ఎనిమిదేళ్లొచ్చినా సూదంటే భయమే. నాన్న కుంటుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఏం కాదు, చీమ కుట్టినట్టుంటుంది," అన్నాడు.

ఆ తర్వాత నా చెయ్యి కదలదని చూసుకుని, తాపీగా నా సంచి తెరిచి తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"నీ నంబరు బాగా రాకపోతే," అన్నాడు, "వంటింటికి తాళం."

నర్సు పకపకా నవ్వింది. నేను తలవంచుకుని నా కాళ్లకేసి చూశాను. పోయినేటి పుట్టినరోజుకి కుట్టిన నల్లబూట్లు. రెండేళ్లుగా నాన్న కుట్టిన ఏ జతా ఒక్కసారి కూడా నన్ను కరవలేదని అప్పుడు గుర్తొచ్చింది.