సెల్లార్ దరువు

క్లీవ్‌లాండ్‌లో టాడ్ వాళ్ళింటి సెల్లార్‌లో ఏళ్ళ తరబడి వాయించిన మా బ్యాండ్‌కి ఓ పెద్ద రికార్డింగ్ కంపెనీ ఆల్బం చేసే అవకాశం ఇచ్చింది. లాస్ ఏంజెలెస్ స్టూడియోలో తివాచీలు, పళ్ళ బుట్టలు, అద్దం వెనక ప్రొడ్యూసర్ వెర్నన్. డ్రమ్ముల దగ్గర టాడ్‌కి మాత్రం లయ కుదరలేదు. ఒకసారి పరిగెత్తాడు, ఇంకోసారి పాకాడు.

"హెడ్‌ఫోన్స్‌లో తాళం టిక్ టిక్‌మని వినిపిస్తోందిగా, దాన్ని పట్టుకో బాబూ," అన్నాడు వెర్నన్.

"అది గడియారమండీ, పాట కాదు," అన్నాడు టాడ్.

నాకు ఒళ్ళు మండింది. "ఇంట్లో బాగానే వాయించేవాడివి కదరా! ఇక్కడేం తక్కువైంది?"

టాడ్ తల గోక్కున్నాడు. "డ్రయ్యర్."

నిజమే! సెల్లార్‌లో మా వెనకే వాళ్ళమ్మ బట్టలారబెట్టే డ్రయ్యర్ తిరిగేది. మంచులో తడిసిన మా బూట్లు అందులో పడేస్తే దడ్ దడ్‌మని మోగేవి. ఆవిడ తిట్టేది. మేం ఆ దరువుకే వాయించేవాళ్ళం.

సంగతి విని వెర్నన్ పడీపడీ నవ్వి, పాత డ్రయ్యర్ ఒకటి తెప్పించాడు. నా బూట్లు విప్పి అందులో వేశాను. టాడ్ కర్రలెత్తాడు. ఇక లయ తప్పలేదు. వట్టికాళ్ళతో గంతులేస్తూ గిటార్ వాయించాను. రికార్డులోకి ఎక్కిన ఆ బూట్ల చప్పుణ్ణి కూడా వెర్నన్ అలాగే ఉంచేశాడు.

ఆ కంపెనీ మాకు రెండో ఆల్బం ఇవ్వలేదు. ఇవ్వకపోతే పోయింది! ఉన్న ఒక్కటీ విడుదలైన రోజు టాడ్ వాళ్ళమ్మని సోఫాలో కూర్చోబెట్టి వినిపించాం. ఆవిడ కాసేపు విని, చటుక్కున లేచి సెల్లార్ మెట్ల వైపు పరిగెత్తింది.

"ఒరేయ్, మళ్ళీ డ్రయ్యర్‌లో బూట్లు ఎవడేశాడ్రా!"