ఏడు చింతగింజల దూరం

విమానం దిగుతుంటే మెహబూబ్ బీ చేతిలో పని ఆగిపోతుంది. డెబ్భై నాలుగేళ్ళొచ్చినా ఆ అలవాటు పోలేదు. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఎసట్లో బియ్యం పోయడం మరిచిపోయి ఆకాశంలోకి చూస్తూ నిలబడితే, "విమానం తెచ్చి వండి పెడుతుందా?" అని అత్తగారు సాధించేది. ఇప్పుడూ అంతే. గన్నవరం విమానాశ్రయం ప్రహరీ వెనక, గేదెలు మేసే బీడులో, పాత కాంక్రీటు అంచు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ముందు విమానాన్ని చూసింది. అది గోడ అవతల చక్రాలానించి, దుమ్ము లేవకుండా జారిపోయింది.

"దిగింది," అంది, తనే దింపినట్టు. "ఇప్పుడు చెప్పు తల్లీ. ఎంతవరకు చదివావు?"

ఎదురుగా గొడుగేసుకుని నిలబడ్డ రుచితకు ముప్ఫై ఏళ్ళుండవు. పామర్రు పిల్ల. విమానాశ్రయం లోపల ఊరి జనం, ప్రయాణికులు చదువుకునేలా చరిత్ర బోర్డు ఒకటి పెడుతున్నారు. దాని రాతపని ఈ అమ్మాయిదే. ఫోన్లో ఉన్నది పైకి చదివింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ నేల మీద సైన్యం కోసం విమానాల దారి వేశారు. యుద్ధం అయ్యాక సైన్యం వెళ్ళిపోయింది. తర్వాత మామూలు జనం ఎక్కే చిన్న విమానాలొచ్చాయి, ఆ వెనక పెద్దవి.

"బాగుంది," అంది మెహబూబ్ బీ. "మా దాదా పేరేది?"

రుచిత గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "రాద్దామనే ఉందమ్మా. కాగితాల్లో ఎక్కడా లేదండి. మీరు చెప్పిన మాట తప్ప ఆధారం లేదు. కంటికి కనపడేది ఏదైనా చూపిస్తే రాయమన్నారు మా పైవాళ్ళు. సాయంత్రం ఐదింటికి అచ్చుకెళ్ళిపోతుంది."

"అందుకేగా నిన్నిక్కడికి రమ్మంది," అంది ముసలావిడ.

ఆవిడ తాత షేక్ మస్తాన్ సాహెబ్. యుద్ధం రోజుల్లో ఈ దారికి కరెంటు దీపాలెక్కడివి? మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాల్లాంటి కిరసనాయిలు దీపాలుండేవి, కొమ్ములోంచి వత్తి బయటికొచ్చేది. మసక వేళకు విమానం వస్తుందని కబురందితే వాటిని దారికి రెండు పక్కలా వరసగా పెట్టి వెలిగించాలి. అంతవరకు తేలికే. కానీ ఈ పక్కంతా నల్లమట్టి. వానాకాలం దీపం పెట్టి వెనక్కి తిరిగేలోగా ఒక పక్కకు కూరుకుపోయేది, చమురు ఒలికేది, వత్తి ఆరేది. సిమెంటు వచ్చాక దిమ్మెలు కట్టిద్దామన్నారట పైన ఉన్నవాళ్ళు. మస్తాన్ సాహెబ్ సిమెంటు కోసం ఆగలేదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, పగిలిపోయి పెరట్లో పారేసిన తిరగలి రాళ్ళు అడిగి తెచ్చాడు. దీపానికొక రాయి చొప్పున నేలకు సమంగా పాతాడు. ఆ తర్వాత ఎంత ముసురులోనూ ఒక్క దీపం ఒరగలేదని చెప్పేవాడు.

సైన్యం వెళ్ళిపోయింది. దీపాలు పాత ఇనుము కింద పోయాయి. రాళ్ళ మీద మట్టి చేరింది, గడ్డి మొలిచింది. కొత్త దారి అటుపక్కగా పోవడంతో ఈ పాత అంచు గోడకు ఇవతల మిగిలిపోయింది. ఇప్పుడు ఆ గోడ అవతల, బొత్తాం నొక్కితే వెలిగే దీపాలను చూసుకునే టెక్నీషియన్ మెహబూబ్ బీ కొడుకు సోహైల్. ఉద్యోగమొచ్చిన రోజున వాణ్ణి కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పింది. "నువ్వు కొత్తగా చేరలేదు బేటా. మన పనే మనకు తిరిగొచ్చింది," అంది. ఆ మాట నిజమని నలుగురి ముందూ తేలాలని ఆవిడ కోరిక. కన్ను మూసేలోగా తేలాలి.

ఇవాళ సోహైల్ సెలవు పెట్టి గునపం పట్టుకొచ్చాడు. గేదెల యజమాని రామకోటేశ్వరరావు పిలవకుండానే వచ్చి, తువ్వాలు తలకు చుట్టుకుని చూస్తున్నాడు. ఆయన తాతల పొలం సగం ఈ దారి కిందే పోయింది.

"బూబమ్మా, నీ కథ వింటుంటే యుద్ధం గెలిచింది మీ తాతేననిపిస్తది," అన్నాడు.

"నువ్వు గెలిచిన యుద్ధం ఒక్కటి చెప్పన్నా. వదిన మీద కూడా ఓడిపోయి ఇక్కడ గేదెల్తో కూర్చున్నావు."

రుచిత గొడుగు చాటున నవ్వుకుంది.

మెహబూబ్ బీ కొంగుముడి విప్పి ఏడు చింతగింజలు కుడి గుప్పిట్లోకి తీసుకుంది. మస్తాన్ సాహెబ్‌కు ఇరవై దాటితే లెక్క రాదు. ఇరవై అడుగులకొక గింజ కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చేవాడు. ఏడో గింజ మారిన చోట దీపం. పీర్ల పండక్కి ఊరి దారి పొడుగునా దీపాలు పెట్టేటప్పుడూ అదే లెక్క. ఎనిమిదేళ్ళ పిల్లగా ఆయన వెనకే నడిచి నేర్చుకుంది.

"ఆయన ఎత్తే మా వాడిదీ. వీడు నడుస్తాడు, నేను గింజలు మారుస్తా," అంది.

పాత దారి మొదట్లో విరిగిన హద్దురాయి ఒకటి ఇంకా నిలబడి ఉంది. అక్కణ్ణించి సోహైల్ అంచు వెంట నడిచాడు. వెనక తల్లి కర్ర పోటేసుకుంటూ లెక్కపెట్టింది. ఏడో గింజ మారగానే, "ఆగు," అంది. సోహైల్ తవ్వాడు. మోకాటి లోతుకు పోయింది గొయ్యి. ఎర్రలు, గడ్డివేళ్ళు, ఒక సీసా మూత. చుట్టూ మరో రెండు బారలు తవ్వాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది గానీ రాయి లేదు.

 రామకోటేశ్వరరావు సైతం ఎకసెక్కెం ఆడలేదు, అది మరీ బాధనిపించింది ఆవిడకు. రుచిత ఫోన్లో టైము చూసుకుని, "పోనీలెండమ్మా, ఊళ్ళవాళ్ళు చాలామంది పనిచేశారని ఒక ముక్క రాస్తాను," అంది.

మెహబూబ్ బీ గొయ్యి పక్కనే చతికిలబడింది. చాలామంది. అంటే ఎవరూ కాదు. దాదా కథలు చెప్పేవాడు, నిజమే. చెరువులో చేప కథ చెబితే చెప్పినప్పుడల్లా చేప బారెడు పెరిగేది. ఇదీ అలాంటిదేనా? అరవై ఏళ్ళుగా తను ఊరంతా చాటింది అదేనా? కొడుకు ముఖంలోకి చూడలేక తల వంచుకుంది.

రామకోటేశ్వరరావు గేదెలకు నీళ్ళు తేవడానికి లేచాడు. మోకాళ్ళ నొప్పులున్నా కావడి మానడు ఆయన. కాలవలో రెండు పాల క్యాన్లు ముంచి, వెదురు బద్దకు తగిలించి, భుజానికెత్తుకున్నాడు. ఖాళీ కావడితో వెళ్ళేటప్పుడు పెద్ద పెద్ద అంగలేసిన మనిషి, ఇప్పుడు కురచ అడుగులేస్తూ వస్తున్నాడు. ఒకదాన్ని చూసి ఒకటి వేసినట్టు అన్నీ ఒకే కొలత. వెదురు ఊగుతోంది గానీ చుక్క తొణకడం లేదు.

ఆవిడ ఆ కాళ్ళనే చూసింది.

"కోటన్నా, ఆగు."

"నీళ్ళు కావాలా?"

"నీళ్ళు కాదు, నీ కావడి కావాలి. నా బుర్ర మండా, దాదా ఒట్టి చేతుల్తో ఏనాడు నడిచాడు? ముందు బుట్టలో దీపాలు, వెనక బుట్టలో కిరసనాయిలు డబ్బా. 'అడుగు సాగదీయకే, చమురు తొణుకుద్ది,' అనేవాడు. నేనేమో నా కొడుకుని షికారుకి పంపినట్టు పంపా."

సోహైల్ కావడి భుజానికెత్తుకుని ఒక్కసారి తూలాడు. "అమ్మీ, డ్యూటీలో నేను మోసేది స్క్రూడ్రైవరు."

"వెదురుతో పాటు ఊగరా. దాంతో పోట్లాడబాక," అన్నాడు రామకోటేశ్వరరావు, ఇప్పుడు తనే గురువైపోయి. "మోకాలు కాస్త వంచు. ఆఁ, అదీ."

మళ్ళీ హద్దురాయి దగ్గర మొదలుపెట్టారు. సోహైల్ పది అడుగులు తడబడ్డాడు. ఆవిడ వెనక్కి పిలిచి మళ్ళీ నడిపించింది. మూడోసారికి వాడి నడక కుదుటపడింది. వెనక నుంచి ఆ భుజాలు, ఆ ఊపు చూస్తుంటే దాదాయే నడుస్తున్నట్టుంది గానీ ఆవిడ లెక్క వదల్లేదు. ఏడో గింజ ఎడమచేతిలో పడింది. ఇందాకటి గొయ్యి ఇంకా చాలా ముందుంది, తాటిచెట్టు పొడుగుకు తక్కువుండదు.

"ఇక్కడ తవ్వు."

నాలుగో పోటుకు గునపం ఠంగుమంది.

సోహైల్ మోకాళ్ళ మీద కూర్చుని చేతుల్తో మట్టి తీశాడు. గుండ్రటి నల్లరాయి, మట్టి అడుగున, నీళ్ళు పోస్తే నిలిచేటంత సాపుగా పాతి ఉంది. అంచున చీలిక. నడుమ గింజలు పోసే బెజ్జం, పక్కన పిడి దిగ్గొట్టే చిన్న బెజ్జం. బీడు మధ్యలో, విమానాల దారి అంచున, తిరగలి పైరాయి.

రుచిత గొడుగు కింద పడేసి ఫొటోలు తీసింది. ముందు రాయి, తర్వాత రాయీ హద్దురాయీ ఒకే చట్రంలో. మెహబూబ్ బీ వంగి, కొంగుతో రాయి తుడిచింది. ఎనభై ఏళ్ళు దాటింది. ఎన్ని వానలు, ఎన్ని గేదెల గిట్టలు! ఒక్క వేలెడైనా ఒరగలేదు. చదువులేని మనిషి, మట్టి సంగతి తెలిసిన మనిషి పాతిన రాయి.

రామకోటేశ్వరరావు తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "మా నాయనమ్మ ఒక మాట అనేదమ్మా. 'నా తిరగలి పైరాయి యుద్ధానికెళ్ళిందిరా, ఇంక రాలేదు,' అని. ముసల్ది చాదస్తం మాట్లాడుతోందని నవ్వేవాళ్ళం. కిందిరాయి ఇప్పటికీ మోటారు షెడ్డు దగ్గరుంది. దాని మీదే రోజూ కాళ్ళు కడుక్కుంటా." రుచితకేసి తిరిగాడు. "ఆవిడ పేరు కూడా పడుద్దా, బోర్డు మీద? సీతారావమ్మ."

"ఇందాక యుద్ధం మా దాదా ఒక్కడే గెలిచాడన్నావు," అంది మెహబూబ్ బీ.

"ఒక్కడే ఎట్టా గెలుస్తాడు? రాళ్ళు మావి."

రుచిత నవ్వి, టైపు చేయడానికి ఫోను తీసింది. "పేరు ఎలా రాయమంటారమ్మా?"

"షేక్ మస్తాన్ అని రాస్తే ఈ చుట్టుపక్కల పాతికమంది పలుకుతారు. దీపాల మస్తాన్ అని రాయి. ఆయన ఆ పేరుకే పలికేవాడు. కింద, తిరగళ్ళిచ్చిన ఊళ్ళ ఆడవాళ్ళు అని రాయి. సీతారావమ్మ పేరు మొదట పెట్టు, లేకపోతే ఈయన మాకు పాలు పొయ్యడు."

రుచిత రాసింది. రాసి, కాస్త మొహమాటంగా అంది: "అమ్మా, ఒక్క రాయి అయితే ఎవరో పారేశారంటారేమోనండి. ఇంకోటి కూడా ఇదే లెక్కకు దొరికితే ఇంక ఎవరూ మాట్లాడలేరు. టైము రెండే అయింది."

మెహబూబ్ బీకి ఆ పిల్ల అప్పుడు బాగా నచ్చింది. పట్టు వదలని పిల్ల. "కావడెత్తు బేటా," అంది.

రాయి దగ్గర్నించి సోహైల్ బయల్దేరాడు. ఈసారి నేర్పక్కర్లేకపోయింది, మొదటి అడుగే కుదిరింది. ఒక గింజ, రెండు, మూడు. నాలుగో గింజ దగ్గర తూర్పున మోత మొదలైంది. పెద్ద విమానం, నీడ బీడు మీద పరుగెత్తుకుంటూ వచ్చింది, గేదెలు తోకలెత్తాయి. రుచిత తలెత్తి చూసింది. రామకోటేశ్వరరావు కూడా చూశాడు.

దీపం పెట్టేవాడు విమానం వంక చూడకూడదనేవాడు దాదా. చూస్తే లెక్క పోతుంది, లెక్క పోతే దిగేవాడికి దారి పోతుంది.

మెహబూబ్ బీ తలెత్తలేదు. నీడ ఆవిడ నెత్తి మీదుగా, కొడుకు కావడి మీదుగా దాటి గోడ అవతలికి పోయింది. అయిదు. ఆరు. పెదాలు కదులుతున్నాయి, కళ్ళు సోహైల్ మడమల మీద ఉన్నాయి. ఏడో గింజ ఎడమచేతిలో పడ్డాక కర్రతో నేల మీద పొడిచి, "ఇక్కడ," అంది.

అప్పుడు చూసింది గోడవైపు. విమానం అప్పటికే దిగిపోయింది.