చెప్పని పాళ్లు

శిక్షణ తరగతి గదిలో మోకాలి లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి, అవి రొయ్యల చెరువు నీళ్లేనని సువర్చలకు తెలుస్తూనే ఉంది, అయినా ఎవరికీ అది వింతగా లేదు, ఆడవాళ్లంతా కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బుద్ధిగా పాఠం వింటున్నారు, ఆఖరి వరసలో హైమవతి గోడకు చేరబడి, కిందటి నెల చనిపోయిన మనిషిలా కాక, బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చిన మనిషిలా పమిటతో చెమట తుడుచుకుంటోంది.

"ఇంతసేపా హైమక్కా! ఇవాళే కదా మన వంతు," అంటూ సువర్చల నీళ్లు తోసుకుంటూ ఆమె దగ్గరికి వెళ్తుంది.

ఇద్దరూ కలిసి ఒక కంపెనీ పెట్టబోయారు. చెరువు నీళ్లలో హైమ కనిపెట్టిన మందు చుక్కలు వేస్తే, రొయ్యల్ని చంపే అమోనియా ఉన్నప్పుడు నీలం రంగు తిరుగుతుంది, ఎండకు చెడిపోదు, చిన్న రైతు కూడా కొనుక్కోగలడు. కలిపేది హైమ, చెరువు గట్లంట తిరిగి అమ్మేది సువర్చల. ఇవాళ డబ్బు పెట్టే పెద్దల ముందు మందు కలిపి రంగు తెప్పిస్తేనే కంపెనీకి ఊపిరి, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే. ఏ పొడి ఎంత వెయ్యాలో, ఏది ముందో హైమకు తప్ప ఎవరికీ తెలియదు.

"పాళ్లు చెప్పక్కా."

"నా చోట్లో ఎవర్ని కూర్చోబెట్టారే?"

"ఎవర్నీ లేదు. పాళ్లు చెప్పు ముందు."

"మేడం గారన్నది మర్చిపోయావా? పేటెంటు వచ్చేదాకా కాగితం మీద పెట్టొద్దు, కట్టుకున్నోడి దగ్గర కూడా నోరు విప్పొద్దు అన్నారు గదే."

"కట్టుకున్నోడి దగ్గరన్నారు. నా దగ్గర కాదు."

హైమ నవ్వుతుంది. ఆ పాఠం విన్న రోజు నుంచీ ఆమె గడియ పెట్టుకుని మరీ మందు కలిపేది, సువర్చల బయట కాపలా కాసేది, పైగా ఆ కాపలా తనకే దక్కినందుకు పొంగిపోయేది, పిచ్చి మొద్దు. ఇప్పుడు తలుచుకుంటే కడుపు మండిపోతోంది, తన మీదా, హైమ మీదా, పాఠం చెప్పిన మేడం మీదా.

ఆ గోడ ఎప్పుడు పోయిందో పోయింది, హైమ చేరబడి ఉన్నది ఆసుపత్రి మంచానికి, మంచం కింద అవే నీళ్లు, పైన ఫ్యాను చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్‌లా చప్పుడు చేస్తూ తిరుగుతోంది.

"ఇక్కడే నీ పక్కన కూర్చున్నాను కదా. ఒక్క మాట అనలేకపోయావా అక్కా?"

"నువ్వడగలేదు గదే."

"ఎలా అడగను? అడిగితే నువ్వు పోతావని ఒప్పుకున్నట్టే కదా!"

సువర్చలకు ఏడుపు ముంచుకొస్తుంది.

"అడిగుంటే చెప్పేదాన్నే," అంటుంది హైమ మెల్లిగా.

"ఇప్పుడడుగుతున్నాను."

అప్పుడు హైమ ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, ఏది ముందో, ఏది ఎంతో, ఎంతసేపు ఆగాలో ఒక్కొక్కటే చెబుతుంది, చెప్పి ఊరుకోక ఎక్కం అప్పజెప్పించుకున్నట్టు మళ్లీ మళ్లీ అప్పజెప్పించుకుంటుంది, నీళ్లు మంచం ఎత్తుకు వస్తున్నా సువర్చల తడబడకుండా అప్పజెబుతూనే ఉంటుంది, అప్పజెబుతూనే శిక్షణ కేంద్రం ప్రయోగశాల బల్ల మీద నిద్రలోంచి తల ఎత్తుతుంది.

కళ్లు పూర్తిగా తెరవకుండానే, ఎక్కడ జారిపోతుందోనని, తడుముకుని పెన్ను అందుకుని అరచేతిలో గబగబా రాసుకుంటుంది. తర్వాత చదువుతుంది. ముందు చింతపండు రసం మరగనివ్వాలి, ఉప్పూ పసుపూ అప్పుడే, కారం తర్వాత, దించే ముందు చిటికెడు బెల్లం.

హాస్టల్ వంటగది ఈ గది కిందే. మధ్యాహ్నం భోజనానికి పులుసు మరుగుతున్నట్టుంది, కిటికీలోంచి ఘాటుగా వాసన వస్తోంది.

"సువర్చల గారూ, మీ వంతొచ్చింది, పిలుస్తున్నారండీ," అని ఎవరో తలుపు తడతారు.

"వస్తున్నానండీ," అంటుంది. లేచి నిలబడి, ఎవరూ లేని పక్క బల్ల వైపు చూస్తూ, "ఈసారి అడిగాను కదక్కా," అంటుంది.