తటస్థంగా ఉన్నవాడు

ఉప్పల్‌లోని కోచింగ్ సెంటర్లో ఉమాపతి రాజనీతి పాఠం చెబితే వెనక బెంచీవాళ్ళు కూడా నోట్సు రాసుకునేవాళ్ళు. "ఇద్దరి కొట్లాటలో ఏ పక్షమూ చేరకపోవడమే తటస్థత. అది పిరికితనం కాదు, ఒక విధానం," అని నొక్కి చెప్పేవాడు. గట్టు మీద కూర్చుని ఎన్నయినా చెప్పొచ్చు.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. నాచారంలో ఉమాపతి వాళ్ళ కాలనీ సంఘానికి పన్నెండేళ్ళుగా విశ్వనాథం కార్యదర్శి. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేసి రిటైరైన గుంటూరు మనిషి. కాలనీకి మంజీరా నీళ్ళ కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది ఆయనే. ఆయన మీద ఫిర్యాదంటూ ఉంటే పుట్టిన ఊరొక్కటే.

ఒక ఆదివారం కమిటీలో ఆయన్ను మార్చాలని తీర్మానం పెట్టారు. మార్చాలని ఏడుగురు చేతులెత్తారు, వద్దని ఆరుగురు. మిగిలింది ఉమాపతి. అతను వద్దంటే లెక్క సమానమవుతుంది; సమానమైతే పాతాయనే ఉండటం అక్కడి ఆనవాయితీ. అందరూ అతనికేసే చూశారు. తెలంగాణ రావాలని మనసారా కోరుకున్నవాడు ఉమాపతి. విశ్వనాథం మంచివాడని తెలిసినవాడూ అతనే. ఈ రెండింటికీ పొత్తు కుదురుతుందని నలుగురిలో చెప్పే ధైర్యం మాత్రం ఆ క్షణాన లేకపోయింది.

"నేను తటస్థం," అన్నాడు.

ఇంటికి రాగానే భార్య రత్నకుమారి అడిగింది.

"ఏమైంది మీటింగుల?"

"నేను ఎటూ చెయ్యెత్తలే."

"మరి ఆయన ఉన్నడా, పోయిండా?"

"పోయిండు."

"గట్లయితే నువ్వు ఎత్తినట్టే," అని ఆమె లోపలికి పోయింది.

సాయంత్రం ఉమాపతి పక్కనే ఉన్న విశ్వనాథం ఇంటికి వెళ్ళాడు. పెద్దాయన గేటు దగ్గర స్టూలెక్కి, 'కార్యదర్శి' అని రాసున్న బోర్డు ఊడదీస్తున్నాడు.

"సార్, నేను మీకు వ్యతిరేకంగ ఓటెయ్యలే. తటస్థంగ ఉన్న."

"తెలుసు మాస్టారూ." విశ్వనాథం వెనక్కి తిరగలేదు. "ఆ ఏడుగురి మీద నాకు కోపం లేదు. నేను వద్దని మొహం మీదే చెప్పారు. మీరేమనుకుంటున్నారో మాత్రం, పన్నెండేళ్ళు పక్కింట్లో ఉండి కూడా నాకు తెలియలేదు."

ఉమాపతికి సిగ్గేసింది. ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పినవాటిలో ఒక్క మాటా ఆదుకోలేదు.

"స్టూలు ఊగుతోంది. కాస్త పట్టుకోండి," అన్నాడు పెద్దాయన.

ఉమాపతి వంగి స్టూలు గట్టిగా పట్టుకున్నాడు. విశ్వనాథం ఆఖరి మేకు పీకి, బోర్డు చంకన పెట్టుకుని దిగాడు.