రాక్షసగోడ గడపరాయి

సమ్మెటతో, నల్లరాతి బెజ్జాల్లో దిగేసిన ఇనప చీలల వరస మీద ఆదాం మళ్లీ మొదటినుంచీ వచ్చాడు. ఒక్కో చీలకు ఒక్కటే దెబ్బ, అదీ మెత్తగా. బెజ్జాల్లోంచి లేచిన తెల్లటి పొడి అతని చేతుల మీదా, బోసి ఛాతీ మీదా, కనుబొమల మీదా పేరుకుంది.

పొదిలి దాటాక ఎర్రరాతి కొండల మధ్య నల్లగా, నిటారుగా, ఎవరో కట్టినట్టు సాగిపోయే ఆ రాతివరసను ఊళ్లో రాక్షసగోడ అంటారు. కొండ పగిలితే అడుగునుంచి కరిగిన రాయి పొంగి ఆ పగుల్లోనే గడ్డకట్టిందని బడిపంతులు చెప్పినప్పుడు, ఆదాం తన వంశం గొప్ప విన్నట్టు మీసం దువ్వాడు. అతని తాతా తండ్రీ ఎర్రరాయి కొట్టి బతికినవాళ్లే. నల్లరాయి జోలికి మాత్రం పోలేదు. అది పెంకులుగా రాలుతుందే తప్ప నిడుపాటి రాయి ఇవ్వదు.

అలాంటిది, కొత్త చర్చికి గడపరాయి మాట వచ్చినప్పుడు, రాక్షసగోడ నుంచి తీసిస్తానని సంఘం ముందు లేచి చెప్పేశాడు. అందరూ నవ్వారు. ఈ వయసులో పరువు పోగొట్టుకోవద్దని, ఒంగోలులో నున్నటి రాయి దొరుకుతుందని మేస్త్రీ కలీం నచ్చజెప్పబోయాడు. ఆదాం వింటేగా! ఇప్పుడిది అడ్డంగా పగిలితే ఊళ్లో తలెత్తుకోలేడు.

పక్కన పెంకులు ఏరుతున్న భార్య పున్నమ్మకు ఓపిక చాల్లేదు.

"ఇంకొక్క దెబ్బ ఎయ్యరాదా?"

"వద్దు. అడగాల్సింది అడిగాం. ఇక అదే చెప్పుద్ది."

ఆ ఒక్క దెబ్బకే ఎన్ని మంచి రాళ్లు పాడయ్యాయో అతనికి తెలుసు. చీలలు బిగిశాక రాయి తనంతట తాను విచ్చుకోవాలి. పున్నమ్మ అన్నం తేవడానికి కొండ దిగింది. ఆదాం గోడనీడలో చేరగిలబడ్డాడు. ఎడమ భుజం పొద్దుటినుంచీ లాగుతూనే ఉంది. కింద కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి.

తిరిగొచ్చిన పున్నమ్మ, నిద్రపట్టిందనుకుంది. పిలిచింది, భుజం పట్టి కదిపింది. ఊపిరి లేదు. తల ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. కలీంకి ఫోన్ చేసి తలెత్తితే అప్పుడు కనిపించింది రాయి. ఈ చివరినుంచి ఆ చివరిదాకా తాడు పట్టి గీసినట్టు విడిపోయి, ఒక సగం పక్కకు ఒరిగి ఉంది. ఇది చూడకుండానే పోయాడే అని ఆమెకు దుఃఖం మళ్లీ పొంగుకొచ్చింది. లేచి దగ్గరికి వెళ్లింది.

కలీం మనుషులతో కొండెక్కి వచ్చేసరికి ఆమె ఏడవడం లేదు. రాయికి కాపలా ఉన్నట్టు నిలబడి ఉంది.

"ముట్టుకోబాకండి," అంది. "మా ఆయన చూసే పోయాడు."

కొత్తగా బయటపడ్డ ఆ నల్లటి రాతిముఖం మీద, తెల్లటి పొడితో, వేళ్లన్నీ విప్పి ఆనించిన అరచెయ్యి ఒకటి అచ్చుపడి ఉంది.